మస్టాంగ్‌కి సూపర్‌ఛార్జర్: మీ నాన్నగారి మాటలో సగం నిజముంది

ప్రశ్న: నేను టెక్సస్‌లో ప్లేనోలో ఉంటాను. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 2019 మస్టాంగ్ జీటీ కొన్నాను. 5.0 లీటర్ల వీ8, ఆరు గేర్ల మాన్యువల్, పర్ఫార్మెన్స్ ప్యాక్ ఉంది. 38,000 మైళ్లు తిరిగింది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి కూడా దీంట్లోనే వెళ్తాను. సూపర్‌ఛార్జర్ వేయించాలని చాలా రోజులుగా ఉంది. ఒక ఫ్రెండ్ తన 2016 జీటీ నుంచి తీసిన సెంట్రిఫ్యూగల్ కిట్‌ని 4,000 డాలర్లకి ఇస్తానంటున్నాడు. "నాది 700 కొట్టింది, ఏమీ కాలేదు" అంటాడు. కొత్త కిట్ అయితే 8,000 నుంచి 9,000 దాకా ఉంది. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజన్లు దించి ఎక్కించిన మనిషి. "కంపెనీ వాడు లెక్క కట్టి ఇచ్చిన ఇంజన్‌రా అది, దాని నోట్లో గాలి కుక్కకు" అంటున్నారు. లారీలకి టర్బో ఉంటుంది కదా నాన్నా అంటే "అది వేరు" అని ఊరుకుంటున్నారు. ఇంజన్ తట్టుకుంటుందా? ఏ కిట్ తీసుకోను? హైదరాబాద్‌లో మా బామ్మర్ది దగ్గర కూడా జీటీ ఉంది, వాడికీ ఒక కిట్ పంపమంటున్నాడు.

జవాబు: మీ నాన్నగారు "అది వేరు" అని ఊరుకున్నారు చూశారా, అసలు విషయమంతా అక్కడే ఉంది. వివరంగా చెప్పలేదు గానీ, చేత్తో పని చేసినవాళ్లకి తెలిసే మాట అది. ముందు దాని సంగతి చూద్దాం, కిట్ల గొడవ తర్వాత. సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్ బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి అదనంగా గాలి తోసే పంపు, బ్లోయర్ అన్నా అదే.

డీజిల్ ఇంజన్ లోపలికి పీల్చుకునేది ఒట్టి గాలి. దాన్ని బాగా నొక్కి, పిస్టన్ పైకి చేరే సమయానికి నాజిల్ డీజిల్ చిమ్ముతుంది. అప్పటిదాకా సిలిండర్లో కాలడానికి ఏమీ ఉండదు. అందుకే టర్బో పెట్టి గాలి తోస్తే లారీ ఇంజన్ హాయిగా తీసుకుంటుంది. పెట్రోల్ ఇంజన్ సంగతి అలా కాదు. గాలీ పెట్రోలూ ముందే కలిసిపోయి, ప్లగ్గు ఎప్పుడు వెలిగిస్తుందా అని కాచుకుని ఉంటాయి. ఆ మిశ్రమాన్ని మరీ గట్టిగా నొక్కినా, మరీ వేడెక్కించినా అది ప్లగ్గు కోసం ఆగదు. ఒక పక్కనుంచి మంట సక్రమంగా సాగుతూ ఉండగానే ఇంకో మూల మిగిలిపోయిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. ఆటోనగర్‌లో నాకింగ్ అనేది దీన్నే. ఫుల్ థ్రాటిల్‌లో నాలుగు సెకన్ల నాకింగ్ చాలు, పిస్టన్ మీద రింగులకి మధ్య ఉండే సన్నని గట్టు విరగడానికి.

మామూలు కారులో ఈ చప్పుడు చెవికి వినబడుతుంది. మీ వీ8 గర్జనలో, అందులోనూ ఎగ్జాస్ట్ మార్చి ఉంటే, అసలు వినబడదు. నాక్ సెన్సర్లు విని, ఇంజన్ కంప్యూటర్ ప్లగ్గు వెలిగించే టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది. ఆ కంప్యూటర్ ఎంతవరకు కాపాడగలదన్నది ట్యూన్ (దానికి ఎక్కించే ప్రోగ్రామ్) రాసినవాడి చేతిలో ఉంటుంది.

ఇప్పుడు మీ కారు సంగతి. 2015 నుంచి 2017 దాకా వచ్చిన జీటీల్లో కంప్రెషన్ 11కి 1, అంటే పిస్టన్ పైకి వచ్చేసరికి సిలిండర్లోని గాలిని పదకొండో వంతు చోటులోకి నొక్కుతుంది. 2018లో ఫోర్డ్ దాన్ని 12కి 1 చేసింది. పోర్టులో చిమ్మే ఇంజెక్టర్లకి తోడు సిలిండర్లోకే నేరుగా చిమ్మే ఇంజెక్టర్లు కూడా పెట్టింది. పవర్ 435 నుంచి 460 హార్స్‌పవర్‌కి పెరిగింది. అంటే బ్లోయర్ పెట్టకముందే మీ ఇంజన్ గాలిని బాగా నొక్కుతోంది. దాని మీద కిట్ ఇంకో 8 పౌండ్ల బూస్ట్ పెడుతుందనుకోండి, అంటే చదరపు అంగుళానికి 8 పౌండ్ల అదనపు గాలి పీడనం. బయట గాలి పీడనం 14.7 పౌండ్లు. దానికి 8 కలిస్తే, ప్రతి సిలిండరూ మామూలుగా పీల్చేదానికి ఒకటిన్నర రెట్ల గాలి మింగాలి.

కంపెనీ వాడే బ్లోయర్ పెట్టినప్పుడు ఏం చేశాడో ఒకసారి చూడండి. 2020లో వచ్చిన షెల్బీ జీటీ500లో ఈటన్ వాళ్ల 2.65 లీటర్ల సూపర్‌ఛార్జర్ ఉంది. మీరు చూస్తున్న కొత్త కిట్లలో చాలావాటిలో ఉండేదీ అదే సైజు. కానీ ఆ కారులో కంప్రెషన్‌ని 9.5కి దించారు. పిస్టన్లు ఫోర్జింగ్‌వి (లోహాన్ని నొక్కి మలిచిన గట్టివి) వేశారు. మీ కారులోవి పోతపోసినవి. గేర్‌బాక్స్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. ముందు బ్రేకు డిస్కులు 420 మిల్లీమీటర్లు, మీ పర్ఫార్మెన్స్ ప్యాక్‌వి 380. ఇంత చేశాకే 760 హార్స్‌పవర్ అన్నారు. డాడ్జ్ వాళ్లు 2015లో హెల్‌క్యాట్ తెచ్చినప్పుడూ అంతే, 707 హార్స్‌పవర్, కంప్రెషన్ 9.5.

కాబట్టి మీ నాన్నగారి లెక్క తప్పు కాదు. ఆయన చూడనిది ఒకటుంది. ఫోర్డ్ ఈ ఇంజన్ కింది భాగాన్ని 460కి సరిపడా మాత్రమే కట్టలేదు. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఫోర్జ్‌డ్ స్టీలు. నేరుగా సిలిండర్లోకి చిమ్మే పెట్రోలు అక్కడ ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది, అందుకే 12 కంప్రెషన్ మీద కూడా కొంత బూస్ట్ నడుస్తుంది. రౌష్ వాళ్లు 2018 తర్వాతి జీటీకి ఇచ్చే కిట్ 700 హార్స్‌పవర్, 610 పౌండ్-ఫుట్ టార్క్ అని అమ్ముతారు, మంచి పెట్రోలు మీద. వేలమంది నడుపుతున్నారు. ఆ 700 దగ్గర ఆగితే మీ ఇంజన్ తట్టుకుంటుంది అన్నది నా అభిప్రాయం. గొడవంతా ఆ తర్వాత వచ్చే 50 హార్స్‌పవర్‌తోనే.

మీ ఫ్రెండ్ 700 గురించి ఒక్క ప్రశ్న అడగండి: క్రాంక్ దగ్గరా, చక్రాల దగ్గరా? కిట్ కంపెనీలు చెప్పేది క్రాంక్ దగ్గరి లెక్క. డైనో (కారుని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కించి చూసేది చక్రాల దగ్గరి లెక్క. మధ్యలో గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ తినేది సుమారు 15 శాతం. రౌష్ వాళ్ల 700 మీ చక్రాల దగ్గరికి వచ్చేసరికి సుమారు 600 అవుతుంది. మీ ఫ్రెండ్ చక్రాల దగ్గర 700 చూశాడంటే, క్రాంక్ దగ్గర 800 దాటించాడన్నమాట. ఈ రెండు అంకెల్నీ ఒకటనుకుని పోటీకి దిగి, బూస్ట్ పెంచడానికి బ్లోయర్ పుల్లీ మార్చినవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఆ 4,000 డాలర్ల కిట్ వద్దు. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ చెడ్డదని కాదు. నిజానికి అది క్లచ్ మీద దయగా ఉంటుంది, కింది ఆర్‌పీఎంలో నెమ్మదిగా ఉండి పైకి పోయేకొద్దీ ఊపందుకుంటుంది. చాలా కిట్లలో బ్లోయర్ తోసిన వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ బయటి గాలితోనే పనిచేస్తూ ముందు బంపర్ వెనక ఉంటుంది, నీళ్ల గొడవ లేదు. కానీ ఆ కిట్ వచ్చింది 2016 కారు నుంచి. అది 11 కంప్రెషన్, ఒక్క వరస ఇంజెక్టర్ల ఇంజన్. బ్రాకెట్లూ పైపులూ ఎలాగోలా కూర్చోబెట్టినా, దానితో వచ్చే ఇంజెక్టర్లూ ట్యూనూ మీ ఇంజన్‌వి కావు. ట్యూన్ ఎక్కించే చేతి పరికరం కూడా ఒకసారి ఒక కారుకి కట్టేస్తే, ఆ కారు నుంచి విప్పేదాకా ఇంకోదానికి పనిచేయదు. మీ ఫ్రెండ్ తన కారు పాత ట్యూన్ తిరిగి ఎక్కించి, పరికరాన్ని విడిపించాడా? ఇంపెల్లర్ (బ్లోయర్‌లో గాలి తోసే చక్రం) రెక్కల అంచులకి నొక్కులున్నాయా? షాఫ్ట్ పట్టుకుని కదిపితే ఆడుతోందా? ఆ బ్లోయర్‌కి దాని సొంత ఆయిల్ ఉండే రకమైతే ఆఖరిసారి ఎప్పుడు మార్చారు? వీటన్నిటికీ మంచి జవాబులే వచ్చినా, ట్యూన్, ఇంజెక్టర్లు, కొత్త బెల్టు, చిన్నా చితకా కలిపేసరికి మీరు మిగిల్చేది రెండు వేలు. ఆ రెండు వేల కోసం ఇంకో ఇంజన్‌కి కుట్టిన చొక్కా మీ ఇంజన్‌కి తొడగడం ఎందుకు?

రోజూ ఆఫీసుకి పోయే కారుకి నేనైతే ఇంజన్ మీద కూర్చునే రూట్స్ రకం కిట్, పూర్తిగా ఒక్క కంపెనీది, వాళ్లు ఇచ్చిన పుల్లీతో, వాళ్లు ఇచ్చిన ట్యూన్‌తో తీసుకుంటాను. రౌష్, ఎడెల్‌బ్రాక్, మాగ్నుసన్ వాళ్లు ఇలాంటివి చేస్తారు. విప్పుల్ అనే కంపెనీది ట్విన్ స్క్రూ (రెండు మరల రకం), అదీ మంచిదే. (ఈ రూట్స్ ఎక్కడిదంటే, అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న గాలిపంపు. మొదట దానికి కార్లతో సంబంధమే లేదు, కార్లే లేవు. కొలిమిలోకి గాలి కొట్టడానికి వాడేవారు. మీ నాన్నగారికి ఈ ముక్క చెప్పండి, ఆయన కొంచెం మెత్తబడతారు.) కిట్‌కి కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఈఓ నంబర్ ఉందో లేదో కూడా అడగండి. మీరుండేది టెక్సస్ అయినా సరే. ఆ నంబర్ ఉందంటే, ఎవరో ఒకరు ఆ ట్యూన్‌ని పొగ పరీక్షల ముందు నిలబెట్టి పాస్ చేయించారని అర్థం.

కొన్ని కిట్లకి, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ చేత బిగిస్తే, 3 ఏళ్లు లేదా 36,000 మైళ్ల వారంటీ ఇస్తారు. మీ కారు వయసుకి, మైళ్లకి అది వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. ఫోర్డ్ సొంత పవర్‌ట్రెయిన్ వారంటీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు, ఏది ముందైతే అది. మీకు మైళ్లు మిగిలినా ఏళ్లు దాటిపోయాయి. కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, వేడి. దీని గురించి ఎంత రాసినా తక్కువే.

సైకిల్ పంపు కొడితే అడుగున వేడెక్కుతుంది కదా, అదే ఇక్కడా. డాలస్ ఎండలో బయట 40 డిగ్రీలున్నప్పుడు 8 పౌండ్ల బూస్ట్‌కి నొక్కితే, బ్లోయర్‌లోంచి బయటికొచ్చే గాలి వంద డిగ్రీలు దాటుతుంది. దాన్ని అలాగే ఇంజన్‌కి పెడితే నాకింగ్ ఖాయం. అందుకే రూట్స్ కిట్లలో బ్లోయర్‌ని ఆనుకునే ఇంటర్‌కూలర్ ఉంటుంది. దానిలో కూలెంట్ తిరుగుతుంది. దానికి వేరే చిన్న పంపు, వేరే ట్యాంకు, ముందు బంపర్ వెనక వేరే రేడియేటర్. ఇంజన్ కూలెంట్‌తో దీనికి సంబంధం లేదు. డాష్‌బోర్డ్ మీద ఇంజన్ టెంపరేచర్ ముల్లు నడిమధ్యన హాయిగా ఉన్నా, ఇక్కడ నీళ్లు ఆగిపోతే ఆ ముల్లుకి తెలియదు.

నాకు జరిగింది చెబుతాను. నాది 2017 జీటీ. అప్పట్లో హ్యూస్టన్‌లో ఉండేవాణ్ణి. ఒక షాపులో బిగించారు, పేరు అనవసరం. డెలివరీ తీసుకున్న రోజు బ్రహ్మాండంగా పోయింది. మూడో రోజు సాయంత్రం, జూలై నెల, ఆఫీసు నుంచి వస్తూ ల్యాప్‌టాప్ పక్క సీట్లో పెట్టి లాగ్ (ఇంజన్ సెన్సర్ల అంకెల రికార్డు) నడిపాను. ఇంటర్‌కూలర్ దాటాక గాలి ఎంత వేడి ఉందో చూపించే అంకె 50 దగ్గర మొదలైంది. ఫ్రీవే మీద 60. దిగి సిగ్నల్ దగ్గర ఆగితే 75. ఇంటి సందు తిరిగేసరికి 85. కారు మందంగా తయారైంది, పక్కన పోయే క్యామ్రీ కూడా నన్ను దాటిపోయింది. కంప్యూటర్ టైమింగ్ లాగేసి ఇంజన్‌ని బతికించుకుంటోంది. 8,000 డాలర్లు ఖర్చుపెట్టి స్టాక్ (ఫ్యాక్టరీ నుంచి వచ్చిన) కారు కంటే నెమ్మదైన కారు కొనుక్కున్నట్టయింది.

రాత్రి గ్యారేజీలో బానెట్ ఎత్తి, ఇంటర్‌కూలర్ ట్యాంకు మూత తీసి టార్చి కొట్టాను. పంపు జుమ్మని మోగుతోంది. ఫ్యూజు బాగుంది, కరెంటు వస్తోంది. కానీ నీళ్ల మీద ఒక చిన్న నలుసు తేలుతూ ఉంది, అది కదలడం లేదు. పంపు తిరుగుతోంది, నీళ్లు తిరగడం లేదు. పైపుల్లో గాలి బుడగ ఇరుక్కుంది. ముందు చక్రాలు జాకీ మీద ఎత్తి, అన్నిటికంటే పైనున్న హోస్ క్లాంపు కాస్త వదులు చేశాను. ముందు గుటకలు వేసినట్టు చప్పుడు. తర్వాత చేతి మీదకి కూలెంట్. ట్యాంకులో మట్టం గబుక్కున దిగిపోయింది. ఇంకో లీటరు పైనే పట్టింది. మళ్లీ టార్చి కొడితే ఆ నలుసు గిర్రున తిరిగి పైపులోకి పోయింది. మర్నాడు అదే రోడ్డు, అదే ఎండ, అంకె 55 దాటలేదు.

బిగించినవాడు ఎంత గొప్పవాడైనా సరే, కారు తీసుకునే ముందు ఆ మూత తీయించి నీళ్లు తిరుగుతున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. షాపుల్లో వాక్యూమ్ పెట్టి నింపే పరికరం ఉంటుంది, దానితో నింపారా అని అడగండి. ఆ గాలి టెంపరేచర్ చూపించే ఒక గేజ్ డాష్ మీద శాశ్వతంగా పెట్టుకోండి. బూస్ట్ గేజ్ కంటే ఇదే పనికొస్తుంది. బయటి వేడికి 15 నుంచి 25 డిగ్రీలు ఎక్కువ ఉంటే మామూలే. ట్రాఫిక్‌లో కాసేపు పెరిగి, కదలగానే దిగాలి. దిగకపోతే కాలు తీసేయండి. ఆగస్టులో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద అరగంట పాకిన తర్వాత ఖాళీ రోడ్డు దొరకగానే తొక్కాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే తొక్కకూడదు.

పెట్రోలు. మీ ఊళ్లో 93 ఆక్టేన్ (నాకింగ్‌ని పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) ప్రతి మూలా దొరుకుతుంది, అదే పోయండి. ట్యూన్ 93కి రాసి ఉంటే 91 పోసి తొక్కడం నేరం. డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కో కాలిఫోర్నియాకో డ్రైవ్ చేసే ఆలోచనుంటే గుర్తుపెట్టుకోండి, పడమటికి పోయేకొద్దీ ప్రీమియం అంటే 91 మాత్రమే. వెళ్లేముందు 91 ట్యూన్ ఎక్కించుకోండి, లేదా బూస్ట్‌లోకి పోకుండా బుద్ధిగా నడపండి. ఫుల్ థ్రాటిల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 11.5, 12 మధ్య ఉండాలి. 12.5 వైపు జరుగుతోందంటే పెట్రోలు చాలడం లేదు, పంపో ఇంజెక్టరో చేతులెత్తేస్తోంది. బిగించిన మొదటి వారంలో డైనో మీద ఈ లాగ్ తీయించి, ట్యూన్ రాసినవాళ్లకి పంపి, వాళ్లు సరేనన్నాకే రోడ్డెక్కండి.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి (వేడిని త్వరగా వదిలేవి) వేయాలి, నిప్పురవ్వ దూకే గ్యాప్ తగ్గించాలి. స్టాక్‌లో గ్యాప్ సుమారు 1.3 మిల్లీమీటర్లు. బూస్ట్‌లో అంత గ్యాపుంటే నొక్కుకుపోయిన గాలి నిప్పురవ్వని ఊదేస్తుంది, సరిగ్గా దీపం ఆర్పినట్టు. 0.7 నుంచి 0.8 మధ్య పెట్టాలి. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద కాగితం పరిచి ఎనిమిది ప్లగ్గులూ ఫీలర్ గేజ్‌తో నేనే కొలుచుకున్నాను. ఏడే కొలిచానని 5,500 ఆర్‌పీఎం దగ్గర కారు తుమ్మినప్పుడు తెలిసింది. పెట్టెలోంచి వచ్చింది సరిగానే ఉంటుందని నమ్మకండి, కొలవండి.

ఇక ఈ ఇంజన్‌కి ప్రత్యేకంగా ఉన్న బలహీనత ఒకటి, ఆయిల్ పంపు గేర్లు. లోపల ఉండేవి లోహపు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేసిన గేర్లు. క్రాంక్ ముందు కొసన ఉంటాయి. బ్లోయర్ బెల్టు గుంజుడూ, పై ఆర్‌పీఎంలో వచ్చే కంపనమూ కలిసి అవి పగలవచ్చు. పగిలిన క్షణం నుంచి ఆయిల్ ప్రెషర్ సున్నా, తర్వాత ఇంజన్ దించడమే. ముఖ్యంగా రెవ్ లిమిటర్ (ఇంజన్ మితిమీరి తిరగకుండా కంప్యూటర్ ఆపే హద్దు) దాకా తొక్కి అక్కడే టపటపలాడించేవాళ్లకి ఈ గతి పడుతుంది. మాన్యువల్‌లో గేరు మిస్సయితే అదే జరుగుతుంది. బిల్లెట్ స్టీలుతో (గట్టి దిమ్మెలోంచి చెక్కి) చేసిన గేర్లు దొరుకుతాయి, క్రాంక్ స్ప్రాకెట్‌తో కలిపి మారుస్తారు. దాని కోసం ఇంజన్ ముందు కవర్ విప్పాలి, కూలి ఎక్కువ. స్టాక్ కిట్ బూస్ట్‌తో, లిమిటర్ ముట్టుకోకుండా, కేవలం రోడ్డు మీద నడిపేవాళ్లు చాలామంది మార్చకుండానే నడుపుతున్నారు. మీరు టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌లో డ్రాగ్ స్ట్రిప్‌కి పోతానంటే మాత్రం ఆ గేర్లు తప్పకుండా మార్పించండి. నాకైతే మార్పించాకే నిద్ర పట్టింది.

క్లచ్. మీ కారు స్టాక్ టార్క్ 420 పౌండ్-ఫుట్లు. 610 పెట్టగానే ఫ్యాక్టరీ క్లచ్ ఎన్నాళ్లుంటుందన్నది మీ పాదం మీద ఉంటుంది. నాలుగో గేర్లో తొక్కితే ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే జారుతోందని మీకు తెలియనిది కాదు. దానికి 1,500 నుంచి 2,500 పక్కన పెట్టుకోండి. గేర్‌బాక్స్ తొందరపాటు షిఫ్టుల్ని క్షమించదు, అది మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. ఆయిల్ 3,000 నుంచి 4,000 మైళ్లకి మార్చండి, బిగించాక మొదటిది 500కే. మీ ఇంజన్‌కి 10 క్వార్ట్‌లు పడుతుంది. పీసీవీ పైపులో (ఇంజన్ అడుగు ఆవిర్లని ఇంటేక్‌కి పంపేది) ఒక ఆయిల్ సెపరేటర్ పెట్టించండి. ఇంటేక్‌లోకి పోయే ఆయిల్ ఆవిరి పెట్రోలు ఆక్టేన్‌ని దించుతుంది. చవక వస్తువు, పని పెద్దది.

టైర్ల గురించి రెండు ముక్కలు. కారుతో వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయా? ఉంటే ట్రెడ్ ఎంతున్నా సరే మార్చండి, ముందు ఇవే మార్చండి. ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడిపోతుంది. జనవరి పొద్దున 5 డిగ్రీల చలిలో గట్టి టైర్ల మీద రెండో గేర్లో 600 పౌండ్-ఫుట్ల టార్క్ వదిలితే కారు ఎటు చూస్తుందో మీకు తెలియదు. సమ్మర్ టైర్లయితే ఇంకా కష్టం. వెనక టైర్లు కొత్తవి అయ్యేదాకా బ్లోయర్ పెట్టె విప్పకండి.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ, మీ ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీలో పొగ పరీక్ష ఇంకా ఉంది. కారు కంప్యూటర్‌ని చదివే ఓబీడీ పోర్టుకి గుచ్చి చూస్తారు. ట్యూన్ ఎక్కించగానే మానిటర్లన్నీ (కంప్యూటర్ తనంతట చేసుకునే పొగ పరీక్షల ఫలితాలు) చెరిగిపోతాయి. అవి మళ్లీ 'రెడీ' కావడానికి కొన్నాళ్లు మామూలుగా నడపాలి. రిజిస్ట్రేషన్ గడువు ముందు వారంలో కిట్ బిగించకండి. ఇన్సూరెన్స్ వాళ్లకి మార్పుల గురించి చెప్పి, వాటికి కవరేజీ రాయించుకోండి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున వాళ్లు చెబుతారు.

మీ బామ్మర్దికి పంపొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ ఇచ్చిన లెక్కలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. పైగా అక్కడ ఆ ట్యూన్ రాసి, లాగ్ చూసి, బాగుచేసేవాళ్లని వెతుక్కోవడానికే అతని జీతం పోతుంది.

డబ్బు లెక్క ఇలా వస్తుంది: కిట్ 8,000 నుంచి 9,000, బిగింపు 15 నుంచి 20 గంటల కూలి, క్లచ్, టైర్లు, ప్లగ్గులు, డైనో. 14,000 నుంచి 16,000 మధ్య అనుకోండి. ఇందులో 9,000 మాత్రమే చేతిలో ఉంటే కిట్ ఇప్పుడు కొనకండి. సగం డబ్బుతో మొదలుపెట్టినవాళ్లు క్లచ్చూ టైర్లూ వాయిదా వేస్తారు, తర్వాత అవే వాళ్లని రోడ్డు పక్కన ఆపుతాయి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మీ నాన్నగారికి బాగా తెలిసిన పని. ఇంజన్ ఆరోగ్యం చూడటం. సెకండ్ హ్యాండ్ కారు, పాత ఓనరు ఎలా నడిపాడో తెలియదు. ఎనిమిది సిలిండర్లకీ లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లోకి గాలి నింపి ఎంత శాతం కారిపోతోందో చూడటం) చేయించండి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు. ప్రతిదీ పది శాతం లోపు ఉండాలి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పెద్ద తేడా ఉండకూడదు. ఒక్కటి పదిహేను చూపిస్తే గాలి ఎటు పోతోందో వినాలి: ఆయిల్ మూత దగ్గర సుయ్ మంటే రింగులు, ఎగ్జాస్ట్‌లో అయితే వాల్వు. ఇది వినడానికి ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు గడిపిన చెవి కంటే మంచిది మీకు ప్లేనోలో దొరకదు. వీడియో కాల్‌లో ఫోను ఆయిల్ మూత దగ్గర పెట్టి ఆయనకి వినిపించండి.

ఆ ఎనిమిది అంకెలూ వచ్చాక నాకు రాయండి. ఏ కిట్, ఏ షాపు అనేది అప్పుడు మాట్లాడుకుందాం.